వరికుప్పల మంట: ఒక వాచక పాఠముపై విమర్శ

జపాను దేశములో 1937 మొదలు 1947 వరకు అయిదవ తరగతి పిల్లలు చదివిన జాతీయ భాషావాచకములో ఒక చిన్న పాఠము ఉండెను. దాని పేరు ‘ఇనమురా నో హి’. తెలుగులో చెప్పవలెనన్న ‘వరికుప్పల మంట’. ఒక గంటలో చదివి ముగింపదగిన ఈ కథ, సునామీనిగూర్చి పిల్లలకు చెప్పబూనిన ఉపాధ్యాయునకు నేడు ఏదో యొక రూపమున తరచుగా ఎదురగుచున్నది. 2004 నాటి హిందూమహాసముద్ర సునామీ తరువాత ఆసియా భాషలు కొన్నింటిలో ఇది పిల్లల పుస్తకముగా వచ్చినది. 2015లో ఐక్యరాజ్యసమితి నవంబరు 5వ తేదీని ప్రపంచ సునామీ అవగాహన దినముగా ప్రకటించినది కూడ ఈ కథకు మూలమైన సంఘటనను స్మరించియే. కథగా దీని గొప్పతనమును కాదనువారు లేరు. ప్రాణరక్షణ నేర్పు పాఠముగా ఇది ఎంతవరకు నిలబడును అనునది వేరు ప్రశ్న. ఉపాధ్యాయుడు తరగతిలో అడుగు పెట్టకముందే ఆ ప్రశ్నకు సమాధానము వెదకికొనవలసియున్నది.

కథ ఇది. సముద్రతీరమున ఒక పల్లె. ఊరికి పైన మెట్టమీద గ్రామపెద్ద గోహెయి ఇల్లు. ఒకనాటి సాయంకాలము భూమి కదలినది. పెద్ద కుదుపు కాదు. మెల్లగా, చాలసేపు సాగిన ఊపు. క్రింద ఊరివారు పండుగ సన్నాహములో మునిగి దానిని లెక్కచేయలేదు. గోహెయి సముద్రమువైపు చూచెను. గాలి ఒకవైపు వీచుచుండగా నీరు దానికి ఎదురుగా లోనికి పోవుచున్నది. ఎన్నడు కనబడని ఇసుక, నల్లని బండలు బయటపడుచున్నవి. మనిషిని పంపి ఊరికి చెప్పించుటకు వ్యవధి లేదు. అప్పుడాతడు కాగడా పట్టుకొని, కోసి కుప్పవేసిన తన పంటకంతటికి నిప్పంటించెను. మంట చూచి కొండగుడిలో గంట మ్రోగించిరి. పెద్దగారి ఇల్లు తగులబడుచున్నదని ఊరంతయు మెట్ట ఎక్కినది. ముందు వచ్చిన పడుచువారు మంట ఆర్పబోగా ఆతడు వారించెను. ఒక్కొక్కరుగా నాలుగువందలమంది చేరిరి. అంతలో సముద్రము గోడవలె లేచి వచ్చి పల్లెను తుడిచివేసినది. మంట వెలుగులో ఆ జనము మాట లేక గోహెయి ముందు మోకరిల్లిరి. అక్కడ పాఠము ముగియును.

పాఠమును వ్రాసిన నకాయి త్సునెజో ఒక ప్రాథమిక పాఠశాలోపాధ్యాయుడు. ప్రభుత్వము వాచకములకొరకు రచనలను కోరగా ఆయన దీనిని పంపెను. ఆయనకు ఆధారము, జపానులో స్థిరపడిన లాఫ్కాడియో హెర్న్ 1896లో ఆంగ్లమున వ్రాసిన ‘ఎ లివింగ్ గాడ్’ అను రచన. హెర్న్‌కు ఆధారము 1854లో కీ సంస్థానములోని హిరో గ్రామమున నిజముగా జరిగిన సంగతి. నకాయి చేయి తిరిగిన రచయిత. హెర్న్ రచనలోని దేవాలయములు, ప్రాచ్యదేశపు వింతలు అన్నియు కోసివేసి, ఒక మనిషి, ఒక మంట, ఒక అల మాత్రము మిగిల్చినాడు. పండిన పంటను రైతు తన చేతితో కాల్చుట అను ఒక్క చిత్రము పిల్లవాని మనస్సునుండి ఎన్నటికి చెరగదు. వరిగింజ విలువ తెలిసిన తెలుగు పల్లె పిల్లలకు ఆ చిత్రమును వివరింప పనిలేదు. సూచనలను వరుసగా అచ్చువేసి గోడకు అంటించిన కాగితముకన్న ఇట్టి కథ వేయిరెట్లు మేలు.

కాని నిజముగా హిరోలో మండినవి వరికుప్పలు కావు. అవి గడ్డివాములు. తెలుగు రైతుకు ఈ రెంటికి గల భేదము బాగుగా తెలియును. కుప్పలో పంట ఉన్నది. వామిలో గడ్డి మాత్రమే ఉన్నది. 1854 డిసెంబరు నెల, కోతలు నూర్పిళ్ళు ముగిసిన కాలము. కథలోని త్యాగములో సగము ఈ మార్పువలననే పుట్టినది. ఇంతమాత్రమే అయినచో రచయిత స్వాతంత్ర్యమని ఊరకుండవచ్చును. మిగిలిన మార్పులు ప్రాణములకు సంబంధించినవి.

అసలు మనిషి పేరు హమాగుచి గోర్యో. ముసలివాడు కాదు, అప్పటికాతని వయస్సు ముప్పదినాలుగేండ్లు. సోయా పులుసు తయారుచేయు వర్తక కుటుంబములోని వాడు. అతని ఇల్లు కొండమీద లేదు. అందరితోపాటు పల్లెలోనే ఉండెను. 1854 డిసెంబరు 23వ తేదీ ఉదయము ఒక పెద్ద భూకంపము వచ్చినది. గోర్యో ఊరివారిని గుడిమెట్టకు తరలించెను. ఆనాడు పెద్ద అల రాలేదు. మరునాడు జనము ఇండ్లకు తిరిగి వచ్చిరి. ఆ సాయంకాలమే మొదటిదానికన్న తీవ్రముగా భూమి అదిరినది. ఇండ్లు దెబ్బతినినవి. సముద్రము పొంగినది. గోర్యో స్వయముగా అలలో చిక్కుకొని ఎట్లో మెట్ట చేరెను. అప్పటికి చీకటి పడినది. దారి తెలియక పొలములలో చిక్కినవారు ఇంకను ఉండిరి. ఆతడు కొందరిని వెంటబెట్టుకొని కాగడాలతో వెనుకకు పోయి, దారివెంట ఉన్న గడ్డివాములకు నిప్పంటించెను. ఆ వెలుతురును పట్టుకొని కొందరు మెట్ట చేరుకొనిరి. తరువాత అన్నింటికన్న పెద్ద అల వచ్చి ఆ మండుచున్న వాములనే కొట్టుకొనిపోయినది.

ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన సత్యమైన కథయే పాఠముగా గొప్పదని తోచును. వాచకములో మంట ఒక ఉపాయము. అల రాకముందు వెలిగించినది. హిరోలో మంట ఒక దీపము. మొదటి అల వచ్చిన తరువాత, పెద్ద అల రాకముందు వెలిగించినది. అనగా సునామీ ఒక అల కాదు, అలల వరుస అను శాస్త్రవిషయము అసలు సంఘటనలోనే ఇమిడియున్నది. ఒక అలకు మరొక అలకు నడుమ పది నిమిషములు మొదలు ఒక గంటవరకు వ్యవధి ఉండవచ్చును. మొదటిదే పెద్దదని నియమము లేదు. 1960 మే 23న హవాయి ద్వీపములోని హైలో నగరమున మూడవ అలయే ప్రాణములు తీసినది. అక్కడ మరణించిన 61 మందిలో, హెచ్చరిక విని కూడ కదలనివారు, చిన్న అలలు చూచి అపాయము దాటినదని తిరిగి వచ్చినవారు ఉండిరి. వాచకములో కూడ సముద్రము రెండు మూడు మారులు వచ్చిపోవును. అయితే అప్పటికి ఊరంతయు మెట్టమీద ఉన్నది గనుక ఆ వాక్యము పిల్లవానికి అలంకారముగా తోచునేగాని హెచ్చరికగా తోచదు. ‘ఎప్పుడు దిగవలెను?’ అను ప్రశ్నయే ఆ పాఠములో పుట్టదు.

భూమి కదలిన తీరుకూడ మారినది. హిరోలో కంపము తీవ్రమైనది. కథలో అది నెమ్మదియైనది. ఈ నెమ్మది ఎక్కడినుండి వచ్చినదో ఊహించుట కష్టము కాదు. హెర్న్ తన రచన చేసిన 1896లోనే, జూన్ 15న, ఈశాన్య జపానులోని సన్‌రికు తీరమును మరొక సునామీ ముంచినది. ఆనాడు కదలిక బలహీనముగా ఉండినందున జనము లెక్కచేయలేదు. పండుగ దినము. దాదాపు 22,000 మంది మరణించిరి. రెండు సంఘటనలు ఒక కథలో కలిసిపోయినట్లు కనబడుచున్నది. చరిత్రగా ఇది పొరపాటు. శాస్త్రముగా మాత్రము ఇది అనుకోని లాభము. సముద్రగర్భములో భ్రంశము మెల్లగా జారినప్పుడు ఒడ్డున కుదుపు తక్కువగా ఉండి, నీటిని ఎత్తు పని మాత్రము పూర్తిగా జరుగును. జపాను శాస్త్రవేత్త హిరో కనమోరి 1972లో ఇట్టివానికి ‘సునామీ భూకంపములు’ అని పేరుపెట్టినాడు. గట్టిగా ఊగినప్పుడే పరుగెత్తవలెనని నేర్చినవాడు వీనియెదుట మోసపోవును. ఊపు బలహీనమైనను దీర్ఘమైనచో జాగ్రత్తపడవలెనను మాట గోహెయి కథలో తప్ప పాత పాఠములలో అరుదు. ఈ ఒక్క విషయమున పొరపాటునకు నమస్కరింపవచ్చును!

సముద్రము వెనుకకు పోవుట అను చిహ్నము విషయము ఇంత సుఖముగా తేలదు. కథలో అదియే ప్రధానమైన ఆనవాలు. చదివిన ప్రతివాడు ‘నీరు వెనుకకు పోయినచో సునామీ వచ్చును’ అని నేర్చుకొనును. ఆ వాక్యము నిజమే. దానిని తిరుగవేసి ‘నీరు వెనుకకు పోనిచో సునామీ రాదు’ అనుకొనుట సహజము, అది అసత్యము. భూకంపములో సముద్రగర్భమంతయు ఒకే విధముగా లేవదు. ఒక ప్రక్క లేచును, ఒక ప్రక్క దిగును. లేచిన వైపు తీరములకు మొదట ఎత్తు చేరును. దిగిన వైపు తీరములకు మొదట పల్లము చేరును. 2004 డిసెంబరు 26న సుమత్రా మొదలు అండమాను వరకు రమారమి 1,300 కిలోమీటర్ల పొడవున పగిలిన భ్రంశములో పడమటి ప్రక్క లేచినది, తూర్పు ప్రక్క దిగినది. అందుచేత థాయిలాండులో సాధారణముగా నీరు మొదట వెనుకకు పోయినది. భారతదేశపు తూర్పుతీరమునకు, శ్రీలంకకు మొదట చేరినది ఎత్తు. సముద్రము తీసినది తరువాత, అలకు అలకు నడుమ. నీరు తీయుటకై ఎదురుచూచిన తెలుగు బాలునకు ఆ ఉదయము గోహెయి కథ ఏ ఉపకారము చేసియుండును?

థాయిలాండులోనైనను అన్ని చోట్ల ఒకే రూపము కనబడలేదు. ఫుకెట్ ద్వీపములో ఒక బ్రిటిష్ బాలిక, వయస్సు పదేండ్లు, తల్లిదండ్రులతో ఒడ్డున నడుచుచు సముద్రము నురగలు క్రక్కుట, నీరు లోనికి పోక పైపైకి వచ్చుచుండుట చూచెను. రెండు వారములకు ముందు భూగోళము తరగతిలో 1946 నాటి హవాయి సునామీ చలనచిత్రమును ఆమె చూచియుండెను. పెద్దలను బలవంతపెట్టి ఒడ్డు ఖాళీ చేయించినది. ఆమె గుర్తించినది ఒక్క చిహ్నమును కాదు. సముద్రము ఉండవలసిన తీరున లేదు అను సంగతిని. ఎన్.సి.ఇ.ఆర్.టి. ఎనిమిదవ తరగతి ఆంగ్లవాచకము ‘హనీడ్యూ’లో చాల ఏండ్లు చదువబడిన సునామీ పాఠము ఈ బాలిక కథను చెప్పి మంచిపని చేసినది. అయితే ఆ పాఠమే జంతువులు ముందుగా పసిగట్టి తప్పించుకొన్నవను సంగతికి ఒక భాగమును కేటాయించి, వాటికి ఆరవ జ్ఞానము ఉన్నదేమో అను తలపును పిల్లలలో మిగిల్చినది. వినుటకు వింతగా ఉన్నదే గాని, దానివలన విద్యార్థి చేయదగిన పని ఏమున్నది? ఊరి గేదెలు కట్టుత్రాళ్ళు తెంచుకొనువరకు వేచియుండుట కాదుగదా.

ఇక ఈ విమర్శలో అన్నింటికన్న ముఖ్యమైన అంశము. వరికుప్పల కథలో తెలిసినవాడు ఒక్కడు. తెలియనివారు నాలుగువందలు. ఆ నాలుగువందలమంది మెట్ట ఎక్కినది సునామీనుండి తప్పించుకొనుటకు కాదు, మంట ఆర్పుటకు. తెలియకయే బ్రతికిరి. కథ చదువు పిల్లవాడు తనను గోహెయిగా ఊహించుకొనును. అది కథల స్వభావము. ఉపద్రవము వచ్చిన దినమున మాత్రము వాడు నాలుగువందలలో ఒకడు. పెద్దవాడు చూచుకొనునని, చెప్పినప్పుడు కదలిన చాలునని ఈ పాఠము మాటలలో చెప్పలేదు, కట్టుబడిలో చెప్పినది. 1937 నాటి జపాను ప్రభుత్వ వాచకమునకు అది దోషముగా తోచియుండదు. పెద్దలకు లోబడు ప్రజ, ప్రజకై త్యాగము చేయు పెద్ద. ఆ కాలపు ఆదర్శమే అది.

అట్టి కట్టుబడి ఎంత అపాయకరమో 2011 మార్చి 11న రెండు పాఠశాలలు చూపినవి. మియాగి రాష్ట్రములోని ఒకావా ప్రాథమిక పాఠశాల సముద్రమునుండి నదివెంట దాదాపు నాలుగు కిలోమీటర్ల లోపల ఉండెను. భూకంపము వచ్చిన తరువాత అల చేరుటకు రమారమి 50 నిమిషముల వ్యవధి దొరికినది. పాఠశాల వెనుకనే కొండ ఉన్నది. పిల్లలను ఆవరణలో వరుసగా నిలిపి ఎక్కడికి పోవలెనో పెద్దలు నిర్ణయింపలేకపోయిరి. కొండ ఎక్కుదమని కొందరు పిల్లలు అనిరని తరువాత వెల్లడియైనది. చివరకు కొండవైపు గాక వంతెన దగ్గరి ఎత్తుచోటునకు నడచుచుండగా నీరు కమ్మినది. 74 మంది పిల్లలు, 10 మంది ఉపాధ్యాయులు పోయిరి. ఆ పాఠశాలలో ఉపద్రవకాలపు నియమావళి లేకపోలేదు. దానిలో, భూకంపము తరువాత పోవలసిన చోటు ‘సమీపమందలి ఖాళీస్థలము, ఉద్యానవనము మొదలగునవి’ అని మాత్రము వ్రాసియుండెను. ఏ స్థలమో, ఏ ఉద్యానవనమో లేదు. కాగితము నింపుటకు వ్రాసిన వాక్యము అది. ముందుగా తగిన సన్నాహము చేయలేదని సెందాయి ఉన్నత న్యాయస్థానము 2018లో తీర్పు చెప్పినది. 2019లో అది స్థిరపడినది.

అదే దినమున ఇవాతె రాష్ట్రములోని కమైషి నగరమున, ఉనోసుమయి ప్రాంతములో ప్రక్కప్రక్కన ఉన్న రెండు పాఠశాలల పిల్లలు, కొంచెము తక్కువగా ఆరువందలమంది, బ్రతికి బయటపడిరి. గున్మా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు కతాద తొషితక కొన్ని సంవత్సరములుగా అక్కడి ఉపాధ్యాయులతో కలిసి నేర్పిన పాఠము వరికుప్పల కథకు దాదాపు తలక్రిందులు. ముందుగా వేసిన అంచనాలను నమ్మవద్దు. ఉన్న పరిస్థితిలో చేయగలిగినదంతయు చేయుము. అందరికన్న ముందు నీవు పరుగెత్తుము. ప్రమాదపటములో ఆ రెండు పాఠశాలలు మునుగు ప్రాంతమునకు బయటనే చూపబడియున్నవి. పిల్లలు పటమును నమ్మలేదు. మాధ్యమిక పాఠశాల పిల్లలు పరుగు మొదలుపెట్టిరి. మూడవ అంతస్తునకు చేరిన చిన్నపిల్లలు వారిని చూచి దిగివచ్చి వెంట నడచిరి. పెద్దపిల్లలు చిన్నవారి చేతులు పట్టుకొనిరి. మొదట నిర్ణయించుకొన్న చోట కొండచరియ జారుచుండుట చూచి ఇంకను పైకి, అక్కడినుండి మరల పైకి పోయిరి. రెండు పాఠశాలలు మునిగినవి.

ఈ విజయమును చెప్పునప్పుడు దాని ప్రక్కనున్న సంగతిని మరుగుపరచరాదు. అదే ఉనోసుమయిలో విపత్తు నివారణ కేంద్రమని ఒక భవనము ఉండెను. సునామీ సమయమున చేరవలసిన చోటు అది కాదు. దానికి వేరే మెట్ట నిర్ణయింపబడియున్నది. అయితే మెట్ట దూరము, వృద్ధులకు కష్టము, కనుక సాధన దినములలో జనమును ఆ భవనమునకే పిలిచెడివారు. మార్చి 11న జనము తాము సాధన చేసిన చోటికే పోయిరి. నూరుమందికి పైగా ఆ భవనములో ప్రాణములు కోల్పోయిరి. ఏటేట సాధన జరిపించి హాజరు పట్టీ నింపుకొను ప్రతి సంస్థ ఈ ఉదాహరణను చదివి తీరవలెను. శరీరము నేర్చుకొన్నదానిని సౌకర్యముకొరకు చేసినదని, నిజముకొరకు చేసినదని వేరుచేసి చూడదు.

ఇంతచెప్పినను కథను తరగతినుండి తీసివేయవలెనని ఈ విమర్శకు తాత్పర్యము కాదు. సుమత్రాకు పడమటనున్న సిమెయులుయె ద్వీపములో 1907లో ఒక సునామీ వేలమందిని పొట్టనబెట్టుకొన్నది. ఆ ద్వీపవాసులు దానికి ‘స్మోంగ్’ అని పేరుపెట్టి, అవ్వ మనుమలకు చెప్పు కథలుగా, పాటలుగా నిలుపుకొనిరి. 2004లో భ్రంశమునకు అతి సమీపముననే ఉన్న ఆ ద్వీపములో, 70,000 మందికి పైబడిన జనాభాలో మరణించినవారు ఏడుగురు. అక్కడ సైరను లేదు, వాచకము లేదు. భూమి గట్టిగా కదలినది, సముద్రము తీసినది, ‘స్మోంగ్’ అని ఎవరో అరచిరి, అందరు కొండ ఎక్కిరి. అందరు అనుటలోనే రహస్యము ఉన్నది. ఆ కథలో గోహెయి లేడు. ప్రతి అవ్వకు, ప్రతి బిడ్డకు ఒకే సంగతి తెలిసియున్నది.

అయితే స్మోంగ్ కథను తెచ్చి ఆంధ్రతీరమున నాటినను చాలదు. సిమెయులుయెకు, హిరోకు భూకంపము కాళ్ళక్రింద వచ్చును. కనుక కదలికయే హెచ్చరిక. బంగాళాఖాతపు పడమటి ఒడ్డునకు అపాయము చాలదూరమున పుట్టును. 2004లో భూకంపము మన కాలమానము ప్రకారము ఉదయము 6 గంటల 29 నిమిషములకు వచ్చినది. మన తీరమున కొందరికి స్వల్పముగా తెలిసినది, ఎందరికో తెలియనే లేదు. అలలు చేరినది రమారమి 9 గంటలకు. ఈ రెండున్నర గంటల లెక్కను ఉన్నతపాఠశాల విద్యార్థి తానే కట్టగలడు. లోతును గురుత్వ త్వరణముతో హెచ్చించి వర్గమూలము తీసినచో సునామీ వేగము వచ్చును. లోతు 3,000 మీటర్లైనచో వేగము సెకనుకు 171 మీటర్లు, అనగా గంటకు రమారమి 617 కిలోమీటర్లు. లోతు 10 మీటర్లకు తగ్గినచోట గంటకు 36 కిలోమీటర్లు మాత్రమే. అయినను ఇసుకలో పరుగెత్తు మనిషికి అది అందరాని వేగము. దూరమును ఈ వేగముతో భాగించి చూచిన పిల్లవానికి ఒక సత్యము దానంతట అదే తెలియును: ఆ ఉదయము వ్యవధి లేక కాదు, వార్త లేక జనము పోయిరి. ఆనాడు పౌర్ణమి. సముద్రస్నానములకు వచ్చినవారు, వలలు సవరించుకొనుచున్నవారు ఒడ్డున ఉండిరి. ఆంధ్రప్రదేశములో నూరుమందికి పైగా మరణించిరి.

జపాను కూడ ఇట్టి దెబ్బ తినకపోలేదు. 1960లో దక్షిణ అమెరికాలోని చిలీ తీరమున పుట్టిన సునామీ పసిఫిక్ మహాసముద్రమును దాటి, రమారమి ఒక దినము ప్రయాణించి, సన్‌రికు తీరమును కొట్టినది. భూమి కదలలేదు. కదలినచో కొండ ఎక్కుమని తరతరములుగా నేర్చిన ఊళ్ళలో జనము నిశ్చింతగా ఉండిరి. జపానులో 140 మందికి తక్కువకాకుండ పోయిరి. ఆంధ్రతీరపు ఉపాధ్యాయుడు హిరో కథతోపాటు చెప్పవలసినది ఈ కథ.

తెలుగువారికి వేరొక చిక్కు కూడ ఉన్నది. సునామీ అనగా ఉప్పెన అని అర్థము చెప్పి ముందునకు సాగు అలవాటు ఉపాధ్యాయులలో కలదు. ఉప్పెన అను మాటలో 1864లో బందరును ముంచిన రాత్రి ఉన్నది. 1977 నవంబరు 19న దివిసీమ అనుభవించిన ఘోరము ఉన్నది. ఆ అనుభవము అమూల్యము. అయినను ఉప్పెన తుపానుగాలి త్రోసుకొనివచ్చిన నీరు. దానికిముందు దినములతరబడి వాతావరణ వార్తలు వచ్చును, ఆకాశము నల్లబడును, గాలి హోరెత్తును. సునామీ తెల్లని ఎండలో, గాలి లేని ఉదయమున వచ్చును. మబ్బు పట్టలేదుగదా అని ధైర్యము చెప్పుకొన్నవాడు తన తాతలనుండి నేర్చిన మంచి పాఠమునే తప్పుచోట వాడుచున్నాడు. మాట వేరుగా ఉంచి, భేదము చెప్పి, ఆ తరువాత పోలికలు చెప్పుట క్షేమము.

వార్త రాని కొరత నేడు చాలవరకు తీరినది. హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రమున 2007 అక్టోబరు మొదలు సునామీ హెచ్చరిక విభాగము పనిచేయుచున్నది. సముద్రమునకు దూరముగా దక్కను పీఠభూమిపై కూర్చుండి సముద్రమునకు కాపలా కాయుట వినుటకు విచిత్రమే. భూకంపలేఖినులు, సముద్రపు అడుగున ఒత్తిడిని కొలుచు పరికరములు, తీరమునందలి నీటిమట్టపు కొలతలు అక్కడికి చేరును. 2012 ఏప్రిల్ 11న సుమత్రాకు దూరముగా 8.6 పరిమాణము గల భూకంపము వచ్చినప్పుడు హెచ్చరికలు వెలువడినవి. ఆనాడు భ్రంశము ప్రక్కకు జారినదే గాని నీటిని పెద్దగా ఎత్తలేదు; ఘోరమైన సునామీ రాలేదు. ఇట్టి దినమున ‘అనవసరముగా పరుగెత్తించిరి’ అని విసుగుకొనుట సులభము. ఆ విసుగును ఎట్లు ఎదుర్కొనవలెనో చెప్పు పాఠము వరికుప్పల కథలో లేదు. గోహెయి ఊహ ఎన్నడు తప్పదు. మంట వెలిగించిన రాత్రి అల రాకయుండినచో ఊరివారు ఆతనిని ఏమనియుందురు? ఈ ప్రశ్నను తరగతిలో వేసి పిల్లలను వాదింపనిచ్చినచో, కథ ఒక్కసారిగా క్రొత్త కథయగును.

జపానువారు తమ పాఠమును తాము సరిదిద్దుకొనిరి. 2011 ఏప్రిల్‌లో మొదలైన విద్యాసంవత్సరమున, గొప్ప సునామీ వచ్చి నెల దాటకముందే, ఒక అయిదవ తరగతి భాషావాచకములో హమాగుచి గోర్యో మరల వచ్చెను. రచయిత విపత్తు శాస్త్రజ్ఞుడు కవాత యొషియకి. ఈసారి కథ మంటతో ముగియదు. ఊరు పోయి, పని పోయి, వలసపోవ సిద్ధపడిన జనమునకు గోర్యో కూలి ఇచ్చి, రమారమి నాలుగేండ్లలో 600 మీటర్ల పొడవు, 5 మీటర్ల ఎత్తు గల మట్టికట్టను కట్టించిన సంగతి అందులో ప్రధానము. 1946 డిసెంబరు 21న మరల సునామీ వచ్చినప్పుడు ఆ కట్ట తన వెనుకనున్న ఊరిని చాలవరకు కాపాడినది. నేటికి ఏటేట నవంబరులో ఆ ఊరి పిల్లలు కట్టమీద పిడికెడు మట్టి వేసి వత్తురు. రచనగా క్రొత్త పాఠము పాతదానికి సాటిరాదు. అది జీవితచరిత్రవలె నడచును. పిల్లవాని ఊపిరి బిగబట్టదు. విషయమున మాత్రము అది నాలుగువందలమంది చేతులకు పని చూపినది.

తెలుగు తరగతిలో ఈ రెండు పాఠములను కలిపి చెప్పుటకు ఆటంకము లేదు. చెప్పిన తరువాత మిగులు పని వాచకములో దొరకదు. గోహెయికి మెట్ట ఉన్నది. విశాఖపట్టణపు విద్యార్థికి కైలాసగిరి ఉన్నది. కృష్ణ సముద్రములో కలియు హంసలదీవి దగ్గర బాలుడు కొండకొరకు నలుదిక్కులు చూచినను కనుచూపుమేర చదునే. వానికి ఎత్తు అనగా తుపాను ఆశ్రయభవనపు పైఅంతస్తు, లేదా ఒడ్డునుండి లోపలికి పోవు కట్టబాట. అది ఎంత దూరము, నడచిన ఎన్ని నిమిషములు, అవ్వను పట్టుకొని నడచిన ఎన్ని నిమిషములు, భవనపు తాళము ఎవరివద్ద ఉన్నది? 2004 డిసెంబరు 26 ఆదివారము; ఆనాడు బడి లేదు, గంట కొట్టువాడు లేడు. కనుక ఈ లెక్కను పాఠశాల ఆవరణనుండి గాక, ఎవరి ఇంటినుండి వారు, ఎవరి వలలు ఆరవేయు చోటినుండి వారు కట్టి తేవలసియుండును.